అత్త బుగ్గలో నేను చూసింది

జూలై 8, మంగళవారం

ఈరోజు కూడా అత్త వేరుశనగల ఊరిబిండి పచ్చడి ముట్టలేదు. సంగటి ముద్దను మజ్జిగలో పిసుక్కుని తాగేసింది. మిరపకాయ లేనిదే ముద్ద దిగని మనిషి.

"ఏమత్తా, నా చేతి వంట అంత చేదైపోయిందా?" అన్నాను.

"కారం తగ్గించమని చెప్తానే ఉండా. నీకు వినపడితే కదా."

కారం తగ్గించమని ఆమె ఏ జన్మలోనూ చెప్పలేదు. నేను అదే అన్నాను. అక్కడ మొదలైన గొడవ పోయిన ఏడాది నేను మాడ్చిన పప్పు దాకా వెళ్ళింది. బావ లుంగీల గొడౌను నుంచి వచ్చి, మా ఇద్దరి ముఖాలూ చూసి, కంచం పట్టుకుని టీవీ ముందుకు వెళ్ళిపోయాడు. దినకర్ అనే ఈ మనిషి పోట్లాట వాసనను వీధి మొదట్లోనే పసిగడతాడు.

మేనత్తే అత్తగారు, బావే మొగుడు అయితే సుఖమని పెళ్ళికి ముందు అందరూ చెప్పారు. నిజంగా సుఖమే. మొగమాటం లేకుండా పోట్లాడుకోవచ్చు.

రేపు పొద్దున నా టిఫిన్ డబ్బా మూత మీద వక్కాకు మడిచి పెట్టి ఉంటుంది. తప్పు నాదే అనడం రుక్మిణమ్మత్తకు చేతకాదు. ఎంత గొడవైనా మరుసటి పొద్దున ఆకు, వక్క, సున్నం, రెండు లవంగాలు కలిపి చుట్టి అక్కడ పెడుతుంది. పొగాకు తన దాంట్లోనే, నా దాంట్లో వెయ్యదు. నేను నమిలితే రాజీ. టీచరమ్మ నోరు ఎర్రగా ఉంటే ఏం బాగుంటుందని మొదట్లో సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు షేర్ ఆటోలో నమిలేసి, బడి గేటు దగ్గర పెదవులు తుడుచుకుని లోపలికి పోతాను.

ఇదంతా తెలుగులో రాసుకుంటున్నాను కాబట్టే ఇంత ధైర్యం. ఇది అరవనాడు, లుంగీలు నేసే గుడియాత్తం. ఈ ఇంట్లో అందరి నోటా తెలుగే, అక్షరాలు చదవగలిగేది మాత్రం పలమనేరులో బడికి పోయిన నేనొక్కదాన్నే.

జూలై 10, గురువారం

కొళాయి దగ్గర అత్త ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మడం చూశాను. నెత్తురు. వక్కాకు ఎరుపు ఎలా ఉంటుందో ఈ ఇంటి కోడలికి వేరే చెప్పక్కర్లేదు. ఇది అది కాదు.

"నోరు తెరువత్తా."

"నా నోట్లో ఏముండాది చూసేదానికి?"

"తెరువు."

తెరిచింది. ఫోను లైటు వేసి చూశాను. ఎడమ బుగ్గ లోపల, ఎప్పుడూ పొగాకు కుక్కుకునే చోటే పుండు. చుట్టూ తెల్లటి అంచు. వేలితో తాకితే అంచు గట్టిగా తగిలింది.

"ఎన్నాళ్ళైంది?"

"గంగమ్మ తిరణాలప్పుడు మొదులైనట్టుండాది."

తిరణాల అయిపోయి రెండు నెలలు. ఇన్నాళ్ళూ నోరు మూసుకుని మజ్జిగ తాగుతూ, నా వంటకు వంకలు పెడుతూ గడిపేసిందన్నమాట. కోపం వచ్చింది. ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

"సున్నం ఎక్కువైతే పొక్కదా? అదే మానిపోతుంది లే, గమ్మునుండు."

వేలూరు ఆసుపత్రికి పోదామన్నాను. అత్త ముఖం మాడ్చుకుంది.

"మీ మామ దగ్గుతో పోయినాడు వేలూరికి. జబ్బు పేరుతో తిరిగొచ్చినాడు. ఆ పేరు పలికేది నేను నేర్చుకునే లోపల మనిషే లేకపోయినాడు. నేను రాను."

దేవరాజులు మామ సంగతి ఆమె ఎత్తితే ఇక ఎవరూ మాట్లాడలేరు. బావకు చెప్పకూడదని నా చేత ఒట్టు కూడా వేయించుకుంది.

సున్నమే అయ్యుంటుంది. సున్నం పొక్కినా తెల్లగానే ఉంటుంది కదా. నాకేం భయం లేదు.

జూలై 14, సోమవారం

తొమ్మిదో తరగతికి కణం పాఠం మొదలుపెట్టాను. నేను ఇది చదువుకున్నది తెలుగులో, చెప్పేది ఇంగ్లీషులో, పిల్లలు సందేహాలు అడిగేది అరవంలో. బోర్డుకు ఎడమ పక్క పెట్టెలాంటి మొక్క కణం గీశాను, కుడి పక్క గుండ్రటి జంతు కణం. రెండింటికీ పల్చని పొర ఉంటుంది, లోపల చిక్కటి ద్రవం, అందులో కేంద్రకం. మొక్క కణానికి మాత్రం ఆ పొర బయట గట్టి గోడ, లోపల నీళ్ళు నింపుకున్న పెద్ద సంచి. ఆకుల్లోనైతే పచ్చ రేణువులు కూడా. చివర పెద్ద అక్షరాలతో రాశాను: జంతు కణానికి గోడ ఉండదు. చుట్టూ గీత గీసి, దీన్ని ఎవరూ చెరపకూడదని లీడరుకు చెప్పాను.

ప్రతి ఏడాదీ పరీక్షలో ఇదే ప్రశ్న వస్తుంది, ప్రతి ఏడాదీ సగం మంది తప్పే రాస్తారు. ఇంత చిన్న విషయం గుర్తుండదా మీకు అని అరిచాను కూడా.

వచ్చే వారం ప్రాక్టికల్. ఉల్లిపొర, బుగ్గ కణాలు. బుగ్గ లోపల పుల్లతో మెల్లగా గీకి, గాజు స్లైడు మీద రుద్ది, నీలం రంగు చుక్క వేసి చూడాలి అని చెబుతుండగా నా నోరు తడబడింది. పిల్లలు గమనించలేదు.

జూలై 15, మంగళవారం

అబద్ధం చెప్పాను.

"పిల్లలకు చూపించాలత్తా, బుగ్గ లోపల కొంచెం గీకుతాను."

"నా బుగ్గా? పిల్లకాయలకి పాఠమా?" అత్తకు సంబరం. నములుతున్న వక్కాకును దొడ్లోకి పోయి ఉమ్మేసి వచ్చి, కొంగుతో మూతి తుడుచుకుని నోరు తెరిచింది. "నొప్పి లేని పక్క గీకు" అంది. నేను నొప్పి ఉన్న పక్కే, పుండు అంచు దగ్గర, తాకీ తాకనట్టు గీకాను. ఆమె కళ్ళు మూసుకుంది, చెయ్యి మాత్రం నా మోచేతిని పట్టుకుంది.

స్లైడు ఆరబెట్టి, చిన్న టిఫిన్ గిన్నెలో పెట్టుకున్నాను. రేపు బడి వదిలాక చూస్తాను. చూస్తే సందేహం తీరిపోతుంది. సైన్సు చదువుకున్నందుకు ఈ మాత్రం ఉపయోగమైనా ఉండాలి.

జూలై 16, బుధవారం

చూశాను.

జూలై 17, గురువారం

నిన్న రాయలేకపోయాను.

మంచి కణాలు ఉన్నాయి, లేకపోలేదు. పల్చగా, నీలంగా, నడుమ చుక్కతో, ఎండిన అప్పడం ముక్కల్లా అక్కడక్కడా. వాటి మధ్యలో ఇంకేవో. ఒకదాన్నొకటి అంటుకుని గుంపుగా ఉన్నాయి. అంచులు మందంగా, నల్లటి నీలం. లోపల ఏదో ముద్ద. ఒక్కటీ గుండ్రంగా లేదు, ఒకటి ఇంకో దానిలా లేదు. మా బడి మైక్రోస్కోపు లెన్సుకు బూజు పట్టి ఉంటుంది, అందుకే అలా కనబడుతోందేమోనని తుడిచి మళ్ళీ చూశాను. ఇంకా స్పష్టంగా కనబడ్డాయి.

ఫోన్‌లో బొమ్మలు వెతికాను. చెడిపోయిన కణాలు గుంపులు కడతాయట, ముదురు రంగు పట్టుకుంటాయట, ఆకారం తప్పుతాయట. అన్నీ సరిపోయాయి.

స్లైడు కడిగేశాను. ఎందుకు కడిగానో తెలియదు.

ఇంటికొస్తే అత్త గుమ్మంలోనే అడిగింది: "పిల్లకాయలు చూసినారా? ఏమన్నారు?"

"బాగుందన్నారు."

"మరి, మీ తాత వంశం బుగ్గ" అంది. నేను స్నానాల గదిలోకి పోయి కొళాయి తిప్పుకుని ఏడ్చాను. నాకు అమ్మ పోయింది ఏడేళ్ళప్పుడు. నా జడ వేసింది, నాకు జ్వరమొస్తే పలమనేరుకు బస్సెక్కి వచ్చి కూర్చుంది ఈ మనిషే. నోటి నిండా వక్కాకుతో నన్ను తిట్టడానికి ఈమె లేకపోతే నేను ఎవరితో మాట్లాడాలి?

జూలై 18, శుక్రవారం

అరవవాళ్ళ ఆడి నెలలో మొదటి శుక్రవారం. గంగమ్మ గుడిలో కూళు, అదే రాగి అంబలి, పోశారు. అత్తకు గోరువెచ్చగా చల్లార్చి, ఉల్లిపాయ లేకుండా తెచ్చి ఇచ్చాను. పొద్దున బొప్పాయి పండు. మధ్యాహ్నం పెరుగన్నం, మెత్తగా. సాయంత్రం కాళ్ళు పడతానన్నాను.

అత్త కాళ్ళు ముడుచుకుంది.

"కాంచనా, ఇట్లా రా. కూర్చో. నువ్వు నాతో పోట్లాడి శానా దినాలైంది."

"పోట్లాడకపోతే తప్పా?"

"నిన్న నీ చీర మీద కాఫీ పోసినా. ఒక్క మాట అన్లేదు నువ్వు. ఈ పొద్దు ఉప్పు లేని కూడు అని వంక పెడితే, సరే అత్తా అంటివి. నాకు ఏమైంది? చెప్పు."

"ఏం కాలేదు."

"కోడలు మంచిగా ఉండాదంటే అత్తకి ఏదో అయ్యుండాల. నాకు తెలవదా?"

 ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, వక్కాకు సంచి దగ్గరకు లాక్కుని, తెరవకుండానే పక్కన పెట్టేసింది.

"సరే. వేలూరికి పోదాం. దినకర్‌కి నేనే చెప్తా."

వారం రోజులు బతిమాలినా రాననేది. నేను మంచిగా ఉన్నందుకు భయపడి ఒప్పుకుంది.

జూలై 21, సోమవారం

వేలూరు. పొద్దున్నే బస్సు. బావ సెలవు పెట్టి వచ్చాడు. దారంతా తల్లి చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, అందులో ఒక సీసా నీళ్ళు తప్ప ఏమీ లేవు.

డాక్టర్ పేరు ఎవాంజలిన్. నాకంటే చిన్నది. అరవంలోనే మాట్లాడింది, మాట మెత్తగా, చెయ్యి ఇంకా మెత్తగా. అత్త ఆమెను "నాయనా" అని పిలిచింది, నచ్చితే ఆడామగా అందరినీ అలాగే పిలుస్తుంది. బుగ్గ చూసింది, మెడ కింద తడిమింది, దవడ పళ్ళ మీద వేలు పెట్టి తిప్పింది. కింది పన్ను ఒకటి విరిగి మొనదేలి ఉందని ఏదో చెప్పింది. నేను సరిగ్గా వినలేదు. కంటితో చూసి ఏదీ చెప్పలేమంది. మత్తు సూది వేసి పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసింది. జవాబు వచ్చే సోమవారం. అప్పటిదాకా పొగాకు, వక్క, సున్నం, ఆకు, ఏదీ నోట్లో వెయ్యకూడదంది.

"ఆకు కూడానా నాయనా?"

"ఆకు కూడా, పాటీ," అని అరవంలో అవ్వను పిలిచినట్టు పిలిచింది.

నేను మైక్రోస్కోపులో చూసింది డాక్టరుకు చెప్పలేదు. నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే నిజమైపోతుందని భయం వేసింది. టీచరమ్మను, ఇలాంటి భయం నాకు ఉండకూడదు. ఉంది.

జూలై 22, మంగళవారం

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి అత్త బీరువా తెరిచి అందులోవన్నీ మంచం నిండా పరిచి కూర్చుంది. కంచి పట్టుచీర ఒకటి మా ఆడపడుచుకట. ఇత్తడి బిందె దినకర్‌కట, బావేం చేసుకుంటాడో పాపం. చివరికి చెవులకున్న ఎర్రరాళ్ళ కమ్మలు విప్పడం మొదలుపెట్టింది.

"ఇవి నీకు. ఇప్పుడే పెట్టుకో. నా కండ్లతో చూస్తా."

ఇన్ని రోజులు బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా పగిలింది.

"చచ్చిపోతానని నువ్వే తీర్మానం చేసేసుకున్నావా? డాక్టరు చెప్పిందా? నీకెవరు చెప్పారు? నాకు నీ కమ్మలూ వద్దు, నీ చీరలూ వద్దు. రెండు నెలలు పుండు దాచిపెట్టుకుని ఇప్పుడు పంపకాలు చేస్తున్నావా? సిగ్గుండాలి."

"ఎవరికే సిగ్గు? ఇచ్చేదాన్ని తీసుకోలేని దానివి నీకుండాల సిగ్గు."

"ఆ వక్కాకు సంచిని ఎప్పుడో పొయ్యిలో పెట్టి ఉంటే ఈ గతి వచ్చేది కాదు."

"పెట్టు. నన్ను కూడా పెట్టు దాంతో పాటు."

  బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఈసారి టీవీ ముందుకు పోలేదు. వచ్చి మంచం మీద చీరలన్నీ ఒక్కొక్కటే మడతపెట్టి బీరువాలో పెట్టాడు. మడత పెట్టడం వచ్చిన మనిషి, లుంగీల గొడౌను మరి.

ఏదేమైనా పోట్లాడాం. ఒళ్ళు తేలికైంది.

జూలై 23, బుధవారం

ఇది నెమ్మదిగా రాయాలి, ఒక్కటీ వదలకుండా.

పొద్దున టిఫిన్ డబ్బా మూత మీద వక్కాకు ఉంది. తనకు నోట్లో వెయ్యకూడదని డాక్టరు చెప్పింది, నాకు చుట్టకూడదని చెప్పలేదట. "నీకేం పుండు లేదు కదా, తిను" అంది, నా వైపు చూడకుండా. తీసుకున్నాను. షేర్ ఆటోలో నమిలాను. కళ్ళు తుడుచుకుంటూ నమిలాను. పక్కన కూర్చున్న బీడీల కార్ఖానా ఆమె, కారమా అని అడిగింది.

మూడో పీరియడ్ ప్రాక్టికల్, ల్యాబు నుంచి మైక్రోస్కోపు క్లాసుకే తెచ్చుకున్నాం. బుగ్గ గీక్కోమంటే పిల్లలందరికీ సిగ్గు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. సరే, నేనే చేసి చూపిస్తాను అని పుల్ల తీసుకుని నా బుగ్గే గీకాను. స్లైడు, నీలం చుక్క, పైన పల్చటి గాజు. ముందు నేను చూసి సరిచేసి, తర్వాత మీకు చూపిస్తానన్నాను.

చూశాను. అవే. గుంపులు గుంపులుగా. మందమైన నల్లటి అంచులు. లోపల ముద్దలు. అత్త బుగ్గలో చూసినవే నా బుగ్గలో.

 స్టూలు మీద కూర్చుండిపోయాను. నాకూ వచ్చేసిందా అనుకున్నాను. అత్తకూ నాకూ ఒకే వంశం కదా అనుకున్నాను. బావ ఒంటరిగా ఎలా ఉంటాడు, అన్నం వండుకోవడం కూడా రాదు అనుకున్నాను. ఇదంతా పిల్లలు "మిస్, మిస్" అంటున్నంతలోనే.

ఇంతలో హేమప్రియ తన స్లైడు తెచ్చింది, నన్ను చూసి ధైర్యం వచ్చిందట. చూశాను. పల్చటి నీలం ముక్కలు, నడుమ చుక్క. గుంపుల్లేవు. ఇంకొకరిది, అంతే. ఇంకొకరిది, అంతే. తర్వాత ఎవరో ఉల్లిపొర స్లైడు పెట్టారు. ఒకదాన్నొకటి అంటుకున్న పెట్టెలు. మందమైన అంచులు.

ఉల్లిపొర మీద నుంచి తల ఎత్తాను. బోర్డు మీద, చెరపొద్దని చుట్టూ గీత గీసిన నా సొంత చేతిరాత: జంతు కణానికి గోడ ఉండదు.

మళ్ళీ నా స్లైడు పెట్టుకుని చూశాను. అంచులు కావవి, గోడలు. వక్క ముక్కలు, ఆకు పీచు. అత్త నోరు పుక్కిలించకుండా నేను గీకిన రోజు ఆమె బుగ్గలో ఉన్నదీ అదే. ఆమె వక్కాకు ఉమ్మేసి వచ్చి నోరు తెరిచింది, నేను కడుక్కోమని కూడా చెప్పలేదు. రెండు జాతుల కణాలకు తేడా ఏమిటని ప్రతి ఏడాదీ పిల్లల ప్రాణం తీసే నేను, మా అత్త నోట్లోని వక్కను చూసి స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను.

నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను. పిల్లలు బెదిరిపోయారు. పక్క క్లాసు నుంచి ఆరోకియమేరి టీచరు తొంగి చూసి పోయింది.

సాయంత్రం అత్తకు అంతా చెప్పేశాను. అబద్ధం చెప్పి గీకింది, చూసింది, ఏడ్చింది, అంతా.

"వక్కని చూసి ఏడిచినావా?"

"అవును."

"టీచరమ్మవి."

"అవును."

దవడ పట్టుకుని నవ్వింది, నొప్పి అంటూనే నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి అడిగింది: "అట్లైతే ఆ డాక్టరమ్మ తీసిన ముక్కలో కూడా వక్కే ఉంటుందా?"

అక్కడ నా నవ్వు కూడా ఆగిపోయింది. "లేదత్తా. అది పైపైన గీకింది కాదు. కండలోంచి తీసిన ముక్క."

నేను చూసింది జబ్బు కాదు. అంతే. జబ్బు లేదని కాదు. ఈ రెంటికీ ఉన్న దూరం సోమవారం దాకా ఉంది.

జూలై 25, శుక్రవారం

రెండో శుక్రవారం. కూళుకు అత్తే వెళ్ళింది. వక్కాకు లేక చేతులు ఏం చేయాలో తెలియక వాకిలి రెండుసార్లు ఊడ్చింది.

జూలై 27, ఆదివారం

రేపు.

జూలై 28, సోమవారం

లేదు. ఏమీ లేదు. క్యాన్సర్ కాదు.

బస్సులోనే రాస్తున్నాను, అక్షరాలు గంతులేస్తున్నాయి.

డాక్టర్ ఎవాంజలిన్ కాగితం చూసి ముందు అత్త వైపు చూసి నవ్వింది, తర్వాతే నోరు తెరిచింది.  విరిగిన పన్ను మొన బుగ్గకు తగిలి తగిలి పుండు పడిందట. పొగాకూ సున్నమూ దాన్ని మాననియ్యలేదట. చెడు కణాలు లేవు. ఆ పన్ను తీసేస్తే మానుతుంది. పొగాకు, వక్క మళ్ళీ ముడితే మాత్రం, ఈసారి తప్పించుకున్నారు, వచ్చేసారి తప్పించుకోలేరు పాటీ అని గట్టిగా చెప్పింది. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి.

మొదటి రోజే ఆమె పన్ను గురించి చెప్పింది. నేను వినలేదు. మైక్రోస్కోపులో చూసిన దాన్నే పట్టుకుని కూర్చున్నాను.

ఇక దాచలేక నా స్లైడు సంగతి చెప్పేశాను. డాక్టరు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నోరు పుక్కిలించకుండా తీసిన స్లైడును మేం చూడం, పారేస్తాం" అంది. కాగితం నా చేతికిస్తూ, "మీరు భయపడినా ఫరవాలేదు, తీసుకొచ్చారు కదా" అంది.

అత్త లేచి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నాయనా, నువ్వు నాకు పేరు పెట్టకుండా పంపిస్తా ఉండావు. నీ కడుపు చల్లగుండ." డాక్టరుకు ఎంత అర్థమైందో తెలియదు, తల మాత్రం వంచింది.

బావ బయట వరండాలో ఉన్నాడు. లోపలికి రావడానికి ధైర్యం లేక చెప్పుల దగ్గర కాపలా ఉంటానన్నాడు. నేను బయటికొచ్చి ఏమీ లేదని చెప్పగానే అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. అత్త వచ్చి బావ తల మీద చెయ్యి పెట్టి, "లెయ్ రా, పంచ మురికైపోతుంది" అంది.

బస్టాండు దగ్గర ముగ్గురం రోజ్‌మిల్క్ తాగాం. అత్త రెండు గ్లాసులు తాగింది. చల్లగా బుగ్గకు హాయిగా ఉందట. నాకు ఆకలి, నిద్ర, ఏడుపు, నవ్వు అన్నీ ఒకేసారి వస్తున్నాయి. అత్త నా భుజం మీద తల పెట్టి గురక పెడుతోంది. కమ్మలు ఆమె చెవులకే ఉన్నాయి.

ఆగస్టు 9, శనివారం

పన్ను తీయించి వారం దాటింది. పుండు సగం పూడింది. బడి లేదు కానీ ల్యాబు తాళాలు నా దగ్గరే ఉన్నాయి. అత్త ఒకటే పోరు: నా బుగ్గని నేను చూడాల. తీసుకెళ్ళాను. మూడుసార్లు పుక్కిలించమన్నాను. నాలుగుసార్లు పుక్కిలించింది. బాగున్న పక్క గీకాను.

ఒక కన్ను మూసుకోవడం రాక చేత్తో మూసుకుని చూసింది.

"ఇంతేనా? ఇది నేనేనా?"

"నీ బుగ్గ."

పక్కన తమలపాకు పొర కూడా పెట్టి చూపించాను. దాన్ని చాలాసేపు చూసింది.

"ఆకుకి గోడ ఉండాది. నాకు లేదే."

"మనకు ఉండదత్తా. పల్చటి పొర ఒక్కటే."

"మరి కూలిపోకుండా ఎట్లా నిలబడి ఉండాది?"

తొమ్మిదో తరగతిలో ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. "లోపల సన్నటి దారాలుంటాయి. ఈ మైక్రోస్కోపులో కనపడవు. అవి అన్ని వైపులా లాగి పట్టుకుని ఉంటాయి" అన్నాను.

"దారాలా. అట్లైతే మన గుడియాత్తం సరుకే" అంది అత్త. దినకర్‌తో కూడా అదే చెబుతానని దారి పొడుగునా నవ్వుకుంది.

ఆగస్టు 12, మంగళవారం

అత్త ఈరోజు ఊరిబిండి వేసుకుని సంగటి తింది. రెండు ముద్దలు. నేను వాకిట్లో నిలబడి చూస్తున్నానని ఆమెకు తెలియదు. తిన్నాక గిన్నె పక్కకు నెట్టి, "ఉప్పు లేదు, కారం లేదు, చెనిక్కాయలు మాడ్చినావు. ఎవరు నేర్పించినారు నీకు వంట?" అంది.

"నువ్వే."

"నేను ఇట్లా నేర్పియ్యలే."

పోట్లాడుకున్నాం. బాగా పోట్లాడుకున్నాం. పోయిన ఏడాది పప్పు దాకా పోయాం. బావ కంచం తీసుకుని టీవీ ముందుకు వెళ్ళిపోయాడు.

ఆగస్టు 13, బుధవారం

టిఫిన్ డబ్బా మూత మీద ఆకు మడిచి పెట్టి ఉంది. విప్పి చూశాను. వక్క లేదు, సున్నం లేదు. కొబ్బరి కోరు, కలకండ, ఒక లవంగం.

అత్త గుమ్మంలో ఖాళీ చేతులతో కూర్చుని ఉంది. వక్కాకు సంచిలో ఇప్పుడు తన కళ్ళజోడు పెట్టుకుంటోంది.

"మరి నీకు?" అన్నాను.

"నాకేంటికి? నువ్వు నమలతా ఉంటే చూస్తా కూర్చుంటా."

ఆమె ముందే నోట్లో వేసుకున్నాను. షేర్ ఆటో హారన్ కొట్టింది. వాకిలి దాటుతుంటే వెనక నుంచి కేక వేసింది.

"నోరు పుక్కిలించుకొని పో. మళ్ళీ దాన్ని ఆ అద్దంలో చూసి యాడ కూర్చొని ఏడస్తావో."

సరేనన్నాను. బడి చేరేదాకా పుక్కిలించలేదు.